ఏడో ఫారం వదిన

పొద్దున్నే ముఖం కడుక్కుని, దేవుడి ముందు నిలబడి దణ్ణం పెట్టుకున్నాక, ఆ రోజు ఏ దయ్యం కథ చదవబోతోందో ఆవిడ ఆయనకి ముందుగా చెప్పేసేది.

"స్వామీ, ఇవాళ శవం లేచి కూర్చునే ఘట్టం. తీరా అయ్యాక నాకెందుకు చెప్పలేదంటావేమో, ముందే చెప్తున్నాను."

ఇంకో రోజు ఇంకోటి. "ఇవాళ చుక్కల్లోంచి ఏదో దిగుతుంది. అది నువ్వు పుట్టించిందే అయితే ఎందుకు పుట్టించావో నీకే ఎరుక. కాకపోతే కోపం రాసినవాడి మీద చూపించు, నా మీద కాదు."

ఆ మాట అయ్యాకే స్టవ్ వెలిగించేది. పక్క గదిలో మంచం మీద నుంచి మరదలు అడిగేది.

"ఏమన్నాడు వదినా?"

"ఏమంటాడు, కానివ్వమన్నాడు."

"నోరు విప్పడని తెలిసేగా ఆయన్ని అడుగుతావు."

"నోరు విప్పేదానివి ఇంట్లో ఒకదానివి ఉన్నావు, చాల్లే."

సైకిల్ రిపేరు కొట్టు మీద రెండు గదులు వాళ్ళవి. ఉండేది వదినామరదళ్ళిద్దరే. ఆవిడ భర్త, అంటే ఆ మరదలి అన్న, పోయి చాలా ఏళ్ళయింది. కింద కొట్టాయన రోజూ కొట్టు తెరవగానే పైకి ఒక కేకేసేవాడు, "అమ్మా, నీళ్ళ క్యాను ఖాళీ అయిందా?" అని. ఖాళీ అయితే తనే భుజాన వేసుకుని మెట్లెక్కేవాడు. వద్దంటే వినేవాడు కాదు. ఇలాంటి మనుషులు వీధికొకరుంటే చాలు, ఆ వీధి బతికిపోతుంది.

వీధిలో ఆవిడ్ని అందరూ ఏడో ఫారం అనేవాళ్ళు. ఎందుకలా అంటున్నారో సగం మందికి తెలియదు. చదువు ఏడుతో ఆగిపోయిందేమో అనుకునేవాళ్ళు. సంగతి అది కాదు.

మనిషి చంద్రుడి మీద కాలు పెట్టబోతున్నాడని పేపర్లు ఊదరగొడుతున్న రోజులవి. ఎక్కడ చూసినా రాకెట్లు, ఇంకో లోకపు ప్రాణులు, వాటితోపాటే పాడుబడ్డ బంగళాలు, కదిలే నీడలు. నెలకో నవల. చవక కాగితం, ఎర్ర అట్ట. అవి అచ్చయ్యే ప్రెస్సులో, వెనక రేకుల షెడ్డులో, తొమ్మిదిమంది ఆడవాళ్ళు చాపల మీద వరసగా కూర్చుని అచ్చు కాగితాలు మడతపెట్టేవాళ్ళు. దుప్పటంత కాగితం. దాన్ని మూడుసార్లు మడిస్తే పదహారు పేజీల కట్ట అవుతుంది. దాన్నే ఫారం అంటారు. అలాంటివి తొమ్మిది కలిపి కుడితే ఒక నవల.

ఒకరి ఫారాలు ఒకరివాటితో కలిసిపోకుండా ఫోర్‌మన్ ఒక పద్ధతి పెట్టాడు. ఎవరి నంబరు ఫారం వాళ్ళది. నవల మారినా నంబరు మారదు. మొదటి చాప మీదావిడకి ఎప్పుడూ ఒకటో ఫారమే, చివరి చాప మీదావిడకి ఎప్పుడూ తొమ్మిదే. నెల తిరిగేసరికి అసలు పేర్లు పోయి నంబర్లే పేర్లయిపోయాయి. "మూడూ, ఆ మడత నొక్కే వెదురుబద్ద ఇటివ్వవే," "ఏడూ, నీ కాలు తీయవే," ఇలాగన్నమాట. వరసలో మూడో చాప మీద కూర్చునే పిల్ల తన అన్నకి పెళ్ళిసంబంధం చూస్తుంటే, ఏడో చాప మీది పిల్ల నచ్చింది. "మా ఇంటికి రావే, నోరు పెద్దదైనా మనసు మంచిది నీది," అంది. అలా మూడో ఫారానికి ఏడో ఫారం వదినైంది.

పుస్తకం మొత్తం చదివే యోగం మాత్రం వాళ్ళలో ఎవరికీ లేదు. కుట్టడం, అట్ట అతికించడం వేరే గదిలో. సాయంత్రం గేటు దగ్గర సంచీలు వెతికేవాళ్ళు. మడిచిన ఫారానికి అంచులు కోసి ఉండవు. పేజీలు గొట్టాల్లా ఉంటాయి. వేళ్ళతో వెడల్పు చేసి, ఒంటికన్నుతో లోపలికి తొంగిచూస్తే నాలుగు ముక్కలు కనబడతాయి. అలా చూసి చూసి ఎవరి ఫారం వాళ్ళకి కంఠతా వచ్చేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర గుండ్రంగా కూర్చుని ఒకటో ఫారం మొదలుపెడితే తొమ్మిదో ఫారం ముగించేది. నాలుగో ఫారానికి జ్వరమొచ్చి రాకపోతే కథకి మధ్యలో గొయ్యి పడేది. దాని మీద తలా ఒక పలక వేసి దాటేసేవాళ్ళు.

నవలల్లో ఏడో ఫారం అంటే గొడవ ముదిరే చోటు. ఎవరో ఒకరు ఎదురు తిరిగేది అక్కడే. చివరికి వాళ్ళ గతి ఏమైనా కానీ, ఏడులో మాత్రం తిరగబడటం ఖాయం. ఒక నెల సమాధి కాపలావాడు, ఒక నెల రాకెట్టు నడిపేవాడు, ఒక నెల బంగళాలో కోడలు. నెలనెలా, ఏళ్ళ తరబడి అదే చదివితే మనిషికి ఏ బుద్ధి వస్తుంది? ఆవిడకి ఆ బుద్ధే వచ్చింది.

ప్రెస్సుకి మడతపెట్టే యంత్రం వచ్చిన రోజున ఫోర్‌మన్, "సోమవారం నుంచి మీరెవరూ రానక్కర్లేదు," అంటే, అందరూ కళ్ళొత్తుకుంటూ లేచారు. ఆవిడ లేవలేదు. "నేను కదలను," అంది. ఆ మాట ఆవిడ సొంతం కాదు, ఏడో ఫారంలోది. "యంత్రాన్ని నా చుట్టూ పెట్టుకోండి. దానికి నేనడ్డమో నాకది అడ్డమో తేలిపోతుంది." లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. మొండివాడు రాజుకంటే బలవంతుడు కదా. యజమాని తల పట్టుకుని, చివరికి అందర్నీ కుట్టు గదిలోకి మార్చాడు.

ఇంకొకటి మరదలి విషయం. పెళ్ళి చేసుకుని వెళ్ళిన పిల్ల ఒక వానరోజు పెట్టె పట్టుకుని, వాచిన మొహంతో వెనక్కి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు తలుపు గడియ పెట్టించారు. "ఒకసారి గడప దాటనిస్తే మన మాట చెల్లదు. ఆ ఏడుపేదో ఏడ్చి అదే వెళ్తుంది," అన్నారు. బయట పిల్ల అన్నని పిలుస్తోంది. ఆయన మెత్తటి మనిషి. పెద్దవాళ్ళ మాటకీ చెల్లెలి గొంతుకీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నిలబడిపోయాడు. ఆవిడ లేచి గడియ తీసేసింది. "బయట గొంతు వినబడుతుంటే లోపల కూర్చుని అన్నం తినడం నాకు చేతకాదు," అంది. ఆ రోజు లోపలికొచ్చిన మరదలు ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉంది.

ఆ మరదలికి ఇప్పుడు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళి యంత్రం పక్కన నాలుగు గంటలు పడుకోవాలి. నెత్తురంతా గొట్టంలోంచి బయటికి వెళ్ళి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి లోపలికి వస్తుంది. అది ఆపేస్తే కొన్ని వారాలకంటే ఎక్కువ బతకదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. మొదట్లో బాగానే వెళ్ళింది. సూదులు గుచ్చీ గుచ్చీ చెయ్యి తాళ్ళు చుట్టినట్టు ఉబ్బాక, ఒకనాడు బస్సు దిగుతూనే మెట్ల మీద కూలబడి, "ఇంక నా వల్ల కాదు వదినా. ఆ యంత్రానికీ నాకూ జాతకాలు కలవలేదు. వదిలెయ్," అంది.

"వదిలెయ్యను," అంది వదిన.

అన్నదే కానీ, మనిషిని మోసుకెళ్ళగలదు గానీ మనసుని మోసుకెళ్ళలేదుగా. దారిలో పాత పుస్తకాల కొట్టు ఉంది. ఏదైనా కాలక్షేపానికి దొరుకుతుందేమోనని ఆగితే, కుప్ప అడుగున ఒక ఎర్ర అట్ట కనబడింది. చేతిలోకి తీసుకోగానే వేళ్ళు గుర్తుపట్టాయి. అదే కాగితం, అదే చవక సిరా వాసన. ఏడో ఫారం తిరగేస్తే మడత తిన్నగా ఉంది. తన చేతి మడతే అయ్యుంటుందనుకుంది. కొట్టాయన ఆవిడ మొహం చూసి ఏమనుకున్నాడో, "తీసుకెళ్ళి చదువుకోండమ్మా, అయ్యాక తెచ్చివ్వండి. ఈ ఎర్ర అట్టలు ఎక్కడ కనబడినా మీకోసం తీసి పెడతాను," అన్నాడు. అన్నట్టే పెట్టాడు కూడా.

తరవాతి వంతుకి, సూదులు గుచ్చి గొట్టాలు బిగించాక, ఆవిడ మరదలి పక్కన స్టూలు మీద కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టింది. శవపేటిక మూత లోపల్నుంచి ఎవరో గోకుతున్నారు. ఎడమ పక్క మంచం మీద రిటైరైన బస్సు కండక్టరు కళ్ళు తెరిచాడు. కుడి పక్క లెక్కల టీచరమ్మ చెవిలో పెట్టుకున్న పాటల తీగలు తీసేసింది.

"కాస్త గట్టిగా చదవండి," అన్నాడు కండక్టరు. "ఆ గోకేవాడెవడో తెలియకపోతే నాకిక్కడ దురద పెడుతోంది."

అలా రెండు మూడు వంతులు గడిచాయి. నాలుగోసారికి హెడ్ సిస్టర్ వచ్చి మంచాల మధ్య నిలబడింది. గట్టి మనిషి. అందరి కాళ్ళ మీద దుప్పట్లు సర్దేదీ ఆవిడే, అందర్నీ కసిరేదీ ఆవిడే.

"ఏంటండీ ఇది? ఆసుపత్రిలో శవాలేంటి? వీళ్ళ బీపీలు పెరిగితే ఎవరిది పూచీ?"

"పెరిగాయా అమ్మా?"

"పెరిగేదాకా చూస్తూ కూర్చోమంటారా? చదవాలనుంటే ఏదైనా భక్తి పుస్తకం చదవండి. మీ వయసుకి అదీ బాగుంటుంది."

"భక్తి పుస్తకం ఇంట్లో చదువుకునే వచ్చానమ్మా. దేవుడికి నా గొంతు కొత్త కాదు, ఇవాళ వినకపోతే ఆయనేం బెంగపెట్టుకోడు. వీళ్ళకి కావలసింది వీళ్ళకి చదువుతున్నాను."

"దేవుణ్ణి నమ్ముతూ దయ్యాలేంటండీ?"

"నమ్మేవాళ్ళం మాకెందుకమ్మా దయ్యాలంటే భయం? ఆ భయం నమ్మనివాళ్ళకి."

కండక్టరు ఫక్కున నవ్వాడు. గొట్టం కదిలి యంత్రం కీచుమంది. హెడ్ సిస్టర్ మొహం ఎర్రబడింది. "ఇదిగో, అందుకే వద్దన్నాను. మళ్ళీసారి నుంచి పుస్తకం బయటే పెట్టి రండి," అంది.

"పుస్తకం బయటుంటే నేనూ బయటే," అంది మరదలు పడుకునే. "ఇంటికెళ్ళి హాయిగా చస్తాను. ఇక్కడైతే బీపీ బాగున్నప్పుడు చస్తాను, అంతేగా తేడా."

యంత్రాలు చూసుకునే టెక్నీషియన్ మీటర్ల వైపు చూస్తూనే అన్నాడు. "సిస్టర్, చివరి గంటలో వీళ్ళందరికీ బీపీ పడిపోతుంది కదా. కాళ్ళెత్తి పెట్టీ, సెలైన్ ఎక్కించీ చస్తున్నాం. శవాల్ని ఆ గంటకి పెట్టుకోమనండి. మనకీ కలిసొస్తుంది."

"నువ్వు నీ యంత్రం చూసుకో," అని ఆవిడ విసురుగా వెళ్ళిపోయింది. మళ్ళీ వంతుకి భయంభయంగా పుస్తకం సంచీలో పెట్టుకుని వెళ్తే, మరదలి మంచం పక్కన స్టూలు లేదు. దాని బదులు వీపు ఆన్చుకునే కుర్చీ ఉంది. ఎవరు వేశారని అడిగితే ఎవరూ చెప్పలేదు. కొందరి మంచితనం అలాగే ఉంటుంది. అరుస్తూ పెడతారు, చూస్తుండగా మాత్రం పెట్టరు.

ఆ తరవాత నెలలు ఎర్ర అట్టల మీదే నడిచాయి. ఒక రోజు మరదలు అంది.

"వదినా, ఆ సంజ లోకం నవల దొరుకుతుందేమో చూడు. అది పూర్తిగా విని వెళ్తాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికో నీకు తెలుసు. ఆ పుస్తకం అయిపోయాక నన్నింక ఇక్కడికి లాక్కురాకు. మాటివ్వు."

"వెతుకుతాను. మాట మాత్రం ఇవ్వను."

సంజ లోకం కథ తొమ్మిదిమందికీ ప్రాణం. ఎప్పుడూ అసురసంధ్యలా ఉండే ఒక గ్రహం మీద ఓడ ఒకటి దిగుతుంది. పగలూ కాదు, రాత్రీ కాదు అక్కడ. మూడో ఫారానికి వచ్చేసరికి ఓడ తలుపు బయట ఒక గొంతు వినబడుతుంది. అది ఓడలో ఉన్న డాక్టరమ్మ తల్లి గొంతు, ఎప్పుడో చనిపోయిన తల్లిది. "చలేస్తోందమ్మా, తలుపు తియ్యి," అంటుంది. ఏడో ఫారంలో కెప్టెన్ దాన్ని కాల్చెయ్యమంటే డాక్టరమ్మ తలుపుకి అడ్డంగా నిలబడి, "నేను కదలను," అంటుంది. చివర్లో ఆవిడ తలుపు తీస్తుంది. లోపలికొచ్చిందానికి రూపం లేదు, చలి ఒక్కటే ఉంది. దాని మీద దుప్పటి కప్పుతారు. ఆ దుప్పటి కాసేపు మనిషి ఆకారంలో నిలబడుతుంది, తరవాత మెల్లగా కిందికి జారిపోతుంది. ఓడ ఎగిరాక లెక్కపెడితే, లోపల పాడేవాళ్ళ గొంతుల్లో ఒకటి ఎక్కువగా వినబడుతుంది. తొమ్మిదో ఫారం కళ్ళు మూసుకుని ఈ ముగింపు చెప్తుంటే, అన్నాల మీద ఈగలు వాలినా ఎవరూ తోలలేదు.

పుస్తకాల కొట్టాయన ఆ నవల సంపాదించాడు. ఆవిడ దాన్ని నాలుగు రోజులు సంచీలోనే ఉంచుకుంది. దొరకలేదని అబద్ధమాడితే మరదలు ఇంకొన్నాళ్ళు ఉంటుంది. కానీ దేవుడికి ఏం చదవబోతోందో రోజూ చెప్పే మనిషి, ఏం చదవకుండా దాచిందో ఎలా చెప్తుంది? ఐదో రోజు తీసింది.

వంతుకొక ఫారం చొప్పున చదివారు. మూడో ఫారం దగ్గర మరదలు ఆపి, "అది నాది, ఇలా ఇవ్వు," అని పుస్తకం చూడకుండానే తల్లి గొంతు మాటలన్నీ చెప్పింది. టీచరమ్మ మొహం అటు తిప్పుకుంది. "టిక్కెట్టు లేకుండా ఎక్కించకండి దాన్ని," అన్నాడు కండక్టరు, దుప్పటి మెడదాకా లాక్కుంటూ. ఏడో ఫారం వచ్చినప్పుడు ఈవిడా పుస్తకం మూసే చెప్పింది. "నేను కదలను" అన్నచోట హెడ్ సిస్టర్ మందుల బల్ల దగ్గర సర్దినవే మళ్ళీ సర్దుతూ నిలబడింది.

ఎనిమిది ఫారాలు అయ్యాయి. ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నం మరదలు పడుకున్నప్పుడు ఆవిడ తొమ్మిదో ఫారం ముందుగా చదువుకుంది. చదివి, మళ్ళీ చదివి, పుస్తకం బోర్లా పెట్టేసింది.

మర్నాడు పొద్దున మరదల్ని కింద కొట్టాయనకి అప్పజెప్పి, బస్సెక్కి, ఒకప్పుడు చివరి చాప మీద కూర్చున్న తొమ్మిదో ఫారం దగ్గరికి వెళ్ళింది. కూతురి ఇస్త్రీ కొట్టులో, ఎత్తు బల్ల దగ్గర కూర్చుని ఆవిడ చొక్కాలు మడతపెడుతోంది. ముగ్గుబుట్టలాంటి తల, చెక్కుచెదరని వేళ్ళు.

"ఏడూ! ఇంకా బతికే ఉన్నావే!"

"నువ్వు పోలేదని నేనూ ఆగాను. ఇది చూడు." పుస్తకం ముందు పెట్టింది. "సంజ లోకం. ఇందులో డాక్టరమ్మ తలుపు తియ్యదు. కెప్టెన్ ఆవిడ్ని కట్టేస్తాడు. బయట ఉన్నదాన్ని కాల్చేస్తారు. అది వాళ్ళమ్మ గొంతుతో అరుస్తూ చస్తుంది. ఆడదాని గుండెకి అంతరిక్షంలో చోటు లేదని ఆఖరి మాట. నువ్వు తలుపు తీయించావు కదే!"

తొమ్మిదో ఫారం పుస్తకం వైపు చూడలేదు. ఇంకో చొక్కా అందుకుని కాలరు సరిచేసింది.

"నాకు అక్షరం ముక్క రాదే. అంకెలు గుర్తుపట్టగలను, అంతే."

"మరి నెలనెలా..."

"ఎనిమిదిమంది తలా ఒకటి చెప్పి నా వైపు చూసేవాళ్ళు. నాకు రాదని చెప్పనా? మీ ఎనిమిదిమందీ చెప్పింది విని, ఆ తరవాత ఏం జరిగితే బాగుంటుందో అది చెప్పేదాన్ని. తలుపు బయట తల్లి చలికి వణుకుతుంటే తియ్యకుండా ఎలా ఉంటారే? ఆ రాసినాయనకి తల్లి లేదా ఏంటి?"

ఏడో ఫారం పుస్తకాన్ని వెనక్కి తీసుకుంది. తను ఆ వానలో గడియ తీసింది ఈ ముగింపు చెవుల్లో ఉండబట్టే. అది అచ్చులో ఎక్కడా లేదు. చదువురాని మనిషి ఒకతె అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అప్పటికప్పుడు కల్పించింది. రాసినాయన మాట పట్టుకునుంటే మరదలు ఆ వానలోనే ఉండిపోయేది.

"కోపమొచ్చిందా?" అంది తొమ్మిదో ఫారం.

"వచ్చింది. నీ మీద కాదు," అని ఆవిడ లేచింది.

తరవాతి వంతుకి ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. కథ మార్చి చదవచ్చు. ఎవరు చూడొచ్చారు? కానీ అలా చదవడం ఆవిడకి ఇష్టం లేకపోయింది. ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క వదలకుండా చదివింది. కట్టేశారు. కాల్చేశారు. ఆడదాని గుండెకి చోటు లేదు. సమాప్తం.

కండక్టరు పెదవి చప్పరించాడు. "కెప్టెన్ చేసిందీ సబబేలెండి. ఓడలో అంతమంది ప్రాణాలున్నాయి."

"ఏం సబబు?" అంది టీచరమ్మ. ఎప్పుడూ ఒక మాట మాట్లాడని మనిషి మోచేతి మీద లేవబోయింది. "చలేస్తోందంటే కాల్చేస్తారా?"

"లేవకండి, సూది జరుగుతుంది," అంది హెడ్ సిస్టర్. తరవాత పుస్తకం వైపు వేలు చూపించి, "ఇదేం ముగింపండీ? ఇన్ని వారాలు ఊరించి," అంది.

ఆవిడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. "రాసినాయన పోయుంటాడు. పోయినవాళ్ళని అనకూడదు. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి. కానీ ఈ ముగింపు నేనొప్పుకోను. అచ్చయినంత మాత్రాన మాట నిజమైపోదు. సిరా సరిగా పడని కాగితాలు ఎన్ని చింపి పొయ్యిలో పెట్టామో మాకు తెలుసు. చోటు లేదంటాడా? చోటు ఎవరిస్తే వచ్చింది ఎవరికైనా? తలుపు తీసినవాళ్ళు ఇచ్చిందే చోటు. ఇప్పుడు అసలు ముగింపు చెప్తాను, వినండి."

చెప్పింది. తలుపు తీయడం, దుప్పటి కప్పడం, అది మనిషి ఆకారంలో నిలబడి జారిపోవడం, గొంతుల్లో ఒకటి ఎక్కువవడం. యంత్రాలు వాటి మానాన అవి తిరిగాయి. కెప్టెన్ పక్షం వహించిన కండక్టరు, "ఏం పాటండీ అది, వాళ్ళు పాడింది?" అని అడిగాడు.

"అది చెప్పలేదు మా తొమ్మిదో ఫారం. ఇది అది కల్పించిందే. దానికి చదువు రాదట, మొన్ననే తెలిసింది."

దిండు మీద మరదలు నవ్వుతోంది. "మొన్న తెలిసిందా నీకు? నాకు అప్పుడే తెలుసు. ఒకసారి దాని చాప దగ్గరికి వెళ్తే ఫారం తలకిందులుగా పట్టుకుని చదువుతోంది."

"మరి చెప్పలేదేమే ఇన్నేళ్ళూ?"

"చెప్తే అది మానేసేది. అప్పుడు ముగింపులెవరు చెప్తారు, నువ్వా? నీకు ఎదురు తిరగడమే వచ్చు. ముగించడం రాదు."

నాలుగు గంటలూ అయ్యాయి. హెడ్ సిస్టర్ సూదులు తీసి, దూది పెట్టి, తనే వేలితో నొక్కిపట్టుకుంది. తరవాత ఆ దూది మీద మరదలి వేలే పెట్టి, పక్క మంచానికి వెళ్ళింది. మరదలు కళ్ళు మూసుకుంది.

"బాగుంది వదినా. రెండు ముగింపులూ విన్నాను. ఇంక చాలు. అనుకున్న మాట ఉంది కదా."

"నేను మాటివ్వలేదు."

"నువ్వివ్వలేదు. నాకు నేనే ఇచ్చుకున్నాను."

ఆవిడ నోరు తెరిచింది. ఇన్నేళ్ళూ ఏడో ఫారాల్లో చదివిన మాటలన్నీ వరసగా నాలుక మీదికొచ్చాయి. కదలను, వదలను, ఒప్పుకోను. ఫోర్‌మన్ దగ్గర పనికొచ్చాయి, పెద్దవాళ్ళ దగ్గర పనికొచ్చాయి. అలసిపోయిన మనిషి దగ్గర మాత్రం అవేవీ పనికొచ్చేలా లేవు. ఇక్కడ ఎదురు తిరగాల్సింది మరదలి మీద కాదు, తన బింకం మీద. కుర్చీ దగ్గరికి జరుపుకుని, మరదలి రెండో చెయ్యి పట్టుకుంది.

"నీకొక సంగతి చెప్పాలి. నవ్వకు. ఈ పుస్తకాలంటే నాకు భయం."

మరదలు ఒక కన్ను తెరిచింది. "నీకా?"

"నాకే. ఇక్కడ చదవడానికి ముందు ఇంట్లో ఒకసారి చదువుకుంటానా, అప్పుడు నీ గదిలోకొచ్చి నీ మంచం పట్టె ఆనుకుని కూర్చుని చదువుతాను. నువ్వు నిద్రపోతున్నావని చూసి మరీ వస్తాను. నీ ఊపిరి వినబడకపోతే పేజీ తిప్పలేను. ప్రెస్సులోనూ అంతే, మీరందరూ పక్కన ఉన్నారు కాబట్టి గొట్టంలోకి తొంగిచూశాను గానీ, ఒక్కదాన్నే అయితే ఏడో ఫారం ఏనాడూ విప్పేదాన్ని కాదు."

మరదలు రెండో కన్ను కూడా తెరిచింది.

"పుస్తకాల కొట్టాయన ఇంకో కట్ట తీసి పెట్టాడు. అందులో గోడల్లోంచి చేతులొచ్చే నవల ఒకటి ఉందట. చదవకుండా ఉండలేను, ఒక్కదాన్నే చదవలేను. నీ ఆరోగ్యం కోసం రమ్మనట్లేదే. డాక్టరు చెప్పాడనీ కాదు. ఎప్పుడూ నిన్ను ఏదీ అడగలేదు. ఎల్లుండి నాకు తోడు రా. ఈ ఒక్క సాయం చేసిపెట్టు."